పెంపుడు పాముకు జబ్బు చేస్తే ఎక్కడ చూపించాలి? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఒక పోలిక

కుక్కకు ఒంట్లో బాగోకపోతే ఎక్కడ చూపించాలో నెల్లూరులో ఎవర్నడిగినా చెబుతారు, ఒంగోలులో ఎవర్నడిగినా చెబుతారు. బాల్ పైథాన్, కార్న్ స్నేక్ లాంటి విదేశీ పాముల్ని పెంచుకునేవాళ్ళ పరిస్థితి అలా లేదు. మన జిల్లాల పశువుల డాక్టర్లు ఒంగోలు గిత్తకు, ముర్రా గేదెకు, నెల్లూరు గొర్రెకు వైద్యం చేయడంలో గట్టివాళ్ళు. పాము మాత్రం వాళ్ళ బల్ల మీదికి ఏడాదికోసారి వస్తే ఎక్కువ. అందుకే చాలామంది "ఇక్కడ చూసేవాళ్ళు లేరులే" అని తమకు తామే అనేసుకుని, ఫోన్‌లో వీడియోలు చూస్తూ రోజులు గడిపేస్తారు. ఆ రోజులే పాము ప్రాణం మీదికి తెస్తాయి.

పాము జబ్బును దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనపడిన పామును గద్దో ముంగిసో వదలదు కాబట్టి, ఓపిక ఉన్నంతవరకు మామూలుగానే ఉన్నట్టు ఉంటుంది. జబ్బు మన కంటికి కనపడిందంటే, అది లోపల మొదలై అప్పటికే చాలా రోజులై ఉంటుంది.

మన దగ్గర నుంచి చూస్తే దారులు ఇవి: ఊళ్ళోని పశువుల ఆసుపత్రి, తిరుపతి వెటర్నరీ కాలేజీ, చెన్నై, ఒంగోలు వైపు వాళ్ళకైతే విజయవాడ దగ్గరి గన్నవరం లేదా హైదరాబాద్, ఇవి కాక వీడియో కాల్‌లో సలహా. నా అభిప్రాయం ముందే చెబుతాను. వీటిలో ఏదో ఒక్కటే పట్టుకుంటే పని జరగదు. పాముల్ని తరచూ చూసే డాక్టర్ జబ్బు తేల్చి మందు రాయాలి, మన ఊరి డాక్టర్ ఆ మందు చేతులారా వేయాలి. ఈ ఇద్దర్నీ కలపగలిగితే సగం సమస్య తీరినట్టే. ఎవర్ని ఎప్పుడు పట్టుకోవాలన్నది జబ్బును బట్టి, మీరున్న ఊరిని బట్టి మారుతుంది.

ముందు కాగితాల సంగతి

జెర్రిపోతు, కొండచిలువ, నాగుపాము, రెండు తలల పాము లాంటి మన నేల పాముల్ని ఇంట్లో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దెబ్బ తగిలిందని జాలిపడి తెచ్చుకున్నా సరే, అటవీ శాఖకు అప్పజెప్పాలి. వైద్యం సంగతి వాళ్ళు చూసుకుంటారు.

విదేశీ పాముల్లో బాల్ పైథాన్, బోవా లాంటివి సైటిస్ (అంతరించిపోయే ప్రమాదమున్న జీవాల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) జాబితాలో ఉన్నాయి. 2022 సవరణతో ఆ జాబితా మన చట్టంలో నాలుగో షెడ్యూల్‌గా చేరింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, పాము చనిపోయినా, చేతులు మారినా తెలియజేయాలి. కార్న్ స్నేక్ ఆ జాబితాలో లేదు. అయినా కొన్న బిల్లు దాచి ఉంచండి. వీటన్నిటి ఫొటోలు ఫోన్‌లో ఉంటే, తడ చెక్‌పోస్టు దగ్గర ఎవరైనా పెట్టె తెరవమన్నా టెన్షన్ ఉండదు. కాగితాలు సరిగ్గా లేవన్న భయంతో జబ్బు పామును ఆసుపత్రి గడప తొక్కించని వాళ్ళున్నారు. అది పాముకు చేసే అన్యాయం. అటవీ శాఖ ఆఫీసులో అడిగి కాగితాల సంగతి తేల్చుకోండి, పాము ఒంట్లో బాగున్నప్పుడే తేల్చుకోండి.

ఎంత తొందర ఉంది?

ఎక్కడికి వెళ్ళాలన్నది దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కొన్నింటికి ఆ రోజే డాక్టర్ చెయ్యి పడాలి. మలద్వారం నుంచి ఎర్రటి కండ బయటికి వచ్చి లోపలికి పోకుండా ఉండిపోవడం అలాంటిది. ఆ కండ ఆరిపోతే కుళ్ళిపోతుంది, కోసి తీసేయాల్సి వస్తుంది. సెలైన్‌తో తడిపిన మెత్తటి గుడ్డ కప్పి, మీరే లోపలికి నెట్టే ప్రయత్నం చేయకుండా, దగ్గర్లో ఎవరుంటే వాళ్ళ దగ్గరికి పరుగెత్తాలి. నోరు తెరుచుకుని, తల పైకెత్తి ఊపిరి కోసం అల్లాడుతుంటే అదీ అంతే. వెల్లకిలా పడితే తిరగబడలేకపోవడం, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ మీద పడుకుని పొట్ట కింద పెద్దగా కాలడం, బతికున్న ఎలుకను వేసినప్పుడు అది కన్ను దగ్గర కొరకడం, గుడ్లు పెడుతూ పెడుతూ మధ్యలో ఆగిపోయి నీరసపడడం కూడా ఇందులోకే వస్తాయి. ఇలాంటప్పుడు చెన్నైకి పోదామా, తిరుపతికి పోదామా అని తర్జనభర్జన పడకండి. ముందు ఊళ్ళో ఆసుపత్రి, దారిలో ఫోన్‌లో మిగతావాళ్ళు.

కొన్నింటికి రెండు మూడు రోజుల టైమ్ ఉంటుంది. చిగుళ్ళ మీద ఎర్రటి చుక్కలు, వాటి మీద పసుపు రంగు ముద్ద కనపడితే నోటి పుండు మొదలైనట్టు. పాముకు పట్టే చీము మన చీములా కారదు, గట్టిపడి ముద్ద కడుతుంది. ఆ ముద్దను డాక్టర్ తీసి శుభ్రం చేయాలి, ఉత్త ఇంజెక్షన్‌తో అది కరగదు. మింగిన ఎలుకను మళ్ళీ మళ్ళీ కక్కేయడం, ఒంటి మీద ఎక్కడైనా గడ్డ కట్టడం, కంటి చుట్టూ ఆవగింజ కన్నా చిన్న నల్లటి పురుగులు పాకడం కూడా ఈ కోవలోవే. ఆ పురుగులు పట్టిన పాము గంటల తరబడి నీళ్ళ గిన్నెలోనే పడి ఉంటుంది. గిన్నె అడుగున నల్లటి చుక్కలు కనపడితే అవే.

ఊపిరితిత్తుల జబ్బును పట్టుకోవడం కొంచెం కష్టం. రాత్రి ఫ్యాన్ ఆపి, ఇల్లు సద్దుమణిగాక, పామును రెండు చేతుల్లోకి తీసుకుని తల దగ్గర చెవి పెట్టి వినండి. మామూలు ఊపిరి వినపడదు. తడి గురక లాంటి చప్పుడు, చిటపట, ముక్కు రంధ్రం దగ్గర చిన్న బుడగ ఉబ్బి పగలడం కనపడితే జబ్బే. కుబుసం విడిచే ముందు ముక్కు దగ్గరి చర్మం వదులై సన్నగా ఈల వేసినట్టు వినపడుతుంది, అది కుబుసంతో పాటే పోతుంది. తేడా తెలియకపోతే ఆ చప్పుడు వీడియో తీసి పెట్టుకోండి, డాక్టర్‌కు ఎంతో ఉపయోగం.

ఇక ఎక్కువమందిని భయపెట్టేది తిండి మానేయడం. బాల్ పైథాన్ ఆరోగ్యంగా ఉండి కూడా నెలల తరబడి ఎలుకను ముట్టుకోకుండా ఉండగలదు. ఇక్కడ కళ్ళను నమ్మకండి, కాటాను నమ్మండి. వంటింట్లో వాడే గ్రాముల కాటా మీద వారం వారం తూకం వేసి రాసుకోండి. 1200 గ్రాముల పాము 1080కి దిగిందంటే పదో వంతు పోయినట్టు, అప్పుడిక ఆగకూడదు. తూకం నిలకడగా ఉంటే ముందు పెట్టె వేడి చూసుకోండి. బాల్ పైథాన్‌కు వెచ్చటి వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి వైపు 25 నుంచి 27 ఉండాలి. మన దగ్గర ఎండాకాలంలో ఈ లెక్క రెండు రకాలుగా తప్పుతుంది. రోహిణి కార్తెలో పై అంతస్తు గదిలో పెడితే చల్లటి వైపు కూడా 36, 37కి పోతుంది. పాపమని ఏసీ గదిలోకి మారిస్తే రాత్రంతా 22లో వణుకుతుంది. తిండి మానడానికి, జలుబు పట్టడానికి ఈ రెండూ కారణాలే. కార్తీక మాసం ముసుర్లలో తడి పెరిగి పొట్ట కింద పొలుసులు ఎర్రబడడమూ చూస్తుంటాం. వేడి, తడి సరిచేసుకుంటే డాక్టర్ అవసరం లేకుండా తగ్గేవి ఉన్నాయి. తగ్గనివాటికి కూడా డాక్టర్ మొదట అడిగేది ఈ అంకెలే.

షాపువాళ్ళ సలహా, సొంత వైద్యం

ఈ దారి వద్దు. పామును అమ్మిన షాపులో "ఈ మందు చుక్కలు పోయండి" అంటే పోయకండి. గేదెల గోమార్లకు వాడే డెల్టామెత్రిన్ మందు నీళ్ళల్లో కలిపి పాము మీద కొట్టమని చెప్పేవాళ్ళు ఉన్నారు, దాంతో పాముకు నరాల మీద విషం ఎక్కుతుంది. పశువుల పురుగులకు వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్ళ ప్రాణం తీస్తుంది. పాములకు కూడా తూకం చూసి, జాతి చూసి డాక్టర్ వేయాల్సిందే. కంటి మీద కుబుసం పొర అతుక్కుంటే గోటితో లాగకండి, కన్నే పోతుంది.

ఊళ్ళోని పశువుల ఆసుపత్రి

నెల్లూరు, ఒంగోలు, కావలి, ఎక్కడైనా మొదట గుర్తుంచుకోవాల్సింది, ఇది పనికిరాని దారి కాదు. పాముల గురించి డాక్టర్‌కు అంతగా తెలియకపోవచ్చు, కానీ అక్కడ సామాను ఉంది, చెయ్యి తిరిగిన మనిషి ఉన్నాడు. ఎక్స్‌రే తీయగలరు. మలం మైక్రోస్కోప్ కింద పెట్టి పురుగుల గుడ్లున్నాయో లేదో చూడగలరు. చర్మం కింద సెలైన్ ఎక్కించగలరు, గాయం కడిగి కట్టు కట్టగలరు, నోట్లోంచి దూదిపుల్లతో శాంపిల్ తీయగలరు. ఆ శాంపిల్‌ను కల్చర్‌కు పంపడానికి నెల్లూరు పొగతోటలో మనుషుల ల్యాబ్‌లు అడుగడుగునా ఉన్నాయి. బాక్టీరియాను పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పద్ధతి మనిషికైనా పాముకైనా ఒకటే.

రక్త పరీక్ష సంగతి వేరు. పాము ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది, మనిషి కణాల్లో ఉండదు. మనుషుల ల్యాబ్‌లో మెషిన్ ఆ తేడా తెలియక లెక్క తప్పు చెబుతుంది. గాజు పలక మీద రక్తం పూసి, తెలిసినవాళ్ళు కంటితో లెక్కపెట్టాలి. అందుకని రక్త పరీక్ష కావాలంటే తిరుపతో చెన్నైయో వెళ్ళాల్సిందే. ఊళ్ళో మెషిన్ రిపోర్టు తీసుకుని దాని మీద మందు మొదలుపెట్టించకండి.

ఇక్కడ ఉన్న ప్రమాదం ఏమిటంటే, కుక్క లెక్కన మందు వేసేయడం. పాము ఒంట్లో మందు చాలా నెమ్మదిగా కరుగుతుంది. ఊపిరితిత్తుల జబ్బుకు పాముల్లో బాగా వాడే సెఫ్టాజిడిమ్ ఇంజెక్షన్‌ను సాధారణంగా 72 గంటలకోసారి వేస్తారు. రోజుకు రెండుసార్లు వేసే అలవాటుతో వేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఎన్రోఫ్లాక్సాసిన్ ఇంజెక్షన్ వేసినచోట కండ చచ్చుబడే ప్రమాదం ఉంది. జెంటామైసిన్ లాంటివి, ఒంట్లో నీళ్ళు తగ్గిన పాముకు వేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. ఇంజెక్షన్ వేసేది కూడా పాము శరీరంలో ముందు భాగంలో, వెన్ను పక్క కండలోనే. వెనక భాగంలో వేస్తే మందు ఒళ్ళంతా తిరగకముందే కిడ్నీల వైపు పోతుందని అలా జాగ్రత్తపడతారు.

ఒంగోలులో ఒక మిత్రుడి కార్న్ స్నేక్‌కు నోటి పుండు వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. డాక్టర్‌గారు పెద్దాయన, పాముకు వైద్యం చేయడం అదే మొదటిసారని మొహమాటం లేకుండా చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. చెన్నైలో ఇలాంటివి చూసే డాక్టర్‌కు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టమన్నారు. అవతలాయన చెబుతుంటే ఈయన పాము మెడ కింద రెండు వేళ్ళు పెట్టి, ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా నోరు తెరిచి, చిన్న పటకారుతో పసుపు ముద్దను కొంచెం కొంచెంగా తీసి, అయోడిన్ కలిపిన పల్చటి నీళ్ళతో కడిగారు. పొలుసు మీద సూది గుచ్చకుండా రెండు పొలుసుల మధ్య సందులోంచి పోనిచ్చారు, ఇన్సులిన్ సూది అంత సన్నటిది. ఆ పాము ఇప్పటికీ బాగుంది. "నాకు తెలియదు, తెలిసినాయన్ని అడిగి చేద్దాం" అనే డాక్టర్ దొరికితే వదులుకోకండి. నా దృష్టిలో, అన్నీ తెలిసినట్టు ఒక్క నిమిషంలో చీటీ రాసిచ్చే డాక్టర్ కన్నా ఆయన వెయ్యి రెట్లు మేలు.

1962 నంబర్‌కు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్ గురించి కొందరు అడుగుతారు. అది ముఖ్యంగా పల్లెల్లో పాడి పశువుల కోసం, పాముకు దాని మీద ఆధారపడొద్దు.

తిరుపతా, చెన్నైయా?

నెల్లూరు వాళ్ళకు అసలు ప్రశ్న ఇదే. నాయుడుపేట దగ్గర దారి చీలుతుంది. కుడివైపు తిరిగితే శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి, నెల్లూరు నుంచి మొత్తం 135 కిలోమీటర్లు ఉంటుంది. నేరుగా సూళ్ళూరుపేట, తడ దాటితే చెన్నై, సుమారు 175. తేడా గంటలోపే, కానీ చెన్నై ఊళ్ళోకి దిగాక ట్రాఫిక్ ఇంకో గంట తింటుంది.

తిరుపతిలో వెటర్నరీ కాలేజీ 1955 నాటిది, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. కాలేజీ ఆసుపత్రి కాబట్టి సర్జరీ, పెథాలజీ, మైక్రోబయాలజీ, పరాన్నజీవుల విభాగం అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. శాంపిల్ పట్టుకుని ఊరంతా తిరిగే పని లేదు, భాష ఇబ్బంది లేదు, ఖర్చూ తక్కువ. గడ్డ కోయాలి, ఇరుక్కున్న గుడ్లు తీయాలి, బయటికి వచ్చిన పేగు కుట్టాలి అంటే నా ఓటు తిరుపతికే. అక్కడి సర్జరీ వాళ్ళకు చిన్నా పెద్దా అన్ని రకాల జీవాలూ అలవాటు. కాకపోతే మీరు వెళ్ళిన రోజు ఓపీలో ఎవరుంటారన్నది ముఖ్యం. కాలేజీ ఆసుపత్రుల్లో డ్యూటీలు మారుతుంటాయి, పండగ సెలవులుంటాయి. ముందురోజు ఫోన్ చేసి, "పామును తెస్తున్నాం, సరీసృపాలు చూసే సార్ ఎప్పుడుంటారు" అని కనుక్కునే బయల్దేరండి.

జబ్బేమిటో అంతుపట్టనప్పుడు మాత్రం నేను చెన్నై వైపే మొగ్గుతాను. వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ 1903లో మొదలైంది, వన్యప్రాణుల శాస్త్రానికి అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. ఆ ఊళ్ళో గిండీ పాముల పార్కు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మొసళ్ళ బ్యాంకు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. అందుకే సరీసృపాల గురించి తెలిసిన డాక్టర్లు అక్కడ తయారయ్యారు. కుక్కలు, పిల్లులు కాని పెంపుడు జీవాలను చూసే ప్రైవేటు క్లినిక్కులు కూడా ఉన్నాయి. తూకం తగ్గుతోంది, కక్కుతోంది, తల వంకరగా తిప్పుతోంది, కారణం తెలియదు అన్న కేసుల్లో అనుభవం ఉన్న కన్ను కావాలి. పైథాన్లకు వచ్చే నిడో వైరస్, బోవాలను పట్టే ఇన్‌క్లూజన్ బాడీ జబ్బు, కడుపులో చేరే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి, ఇవి పైకి మామూలు జలుబులా, అజీర్తిలా కనపడతాయి. వాటిని అనుమానించాలంటే అంతకుముందు చూసి ఉండాలి. మనుషులకు పెద్ద జబ్బు చేస్తే నెల్లూరు వాళ్ళు చెన్నై బండెక్కడం ఎప్పట్నుంచో ఉన్నదే, పాముకూ అదే దారి.

చెన్నైతో వచ్చే చిక్కు తర్వాత మొదలవుతుంది. మూడు రోజులకోసారి ఇంజెక్షన్, మూడు నాలుగు వారాలు అంటారు. ప్రతిసారీ జబ్బు పామును 350 కిలోమీటర్లు తిప్పితే దారిలో పడే అవస్థకే అది సగం అయిపోతుంది. అందుకే మొదటి రోజే అక్కడి డాక్టర్‌ను రెండు అడగండి. మందు పేరు, గ్రాముల తూకానికి ఎంత మోతాదు, ఎన్ని గంటలకోసారి, ఒంట్లో ఎక్కడ వేయాలి, ఇవన్నీ మన ఊరి డాక్టర్‌కు అర్థమయ్యేలా చీటీలో రాసివ్వమనండి. సందేహం వస్తే మన ఊరి డాక్టర్‌తో మాట్లాడడానికి ఒప్పుకుంటారా అని అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. సెఫ్టాజిడిమ్ లాంటిదైతే ఒక్కో మోతాదు ఒక్కో సిరంజిలో నింపి ఫ్రీజర్‌లో పెట్టుకునే పద్ధతి ఉంది, దాని గురించీ కనుక్కోండి.

ఒంగోలు నుంచైతే

ఒంగోలు నుంచి చెన్నై సుమారు 300 కిలోమీటర్లు, తిరుపతి 250కి పైనే. విజయవాడ 150 లోపు, ఇంకొంచెం ముందుకు పోతే గన్నవరంలో ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ. పరీక్షలకు, ఎక్స్‌రేకు, కోత పనికి గన్నవరం దగ్గర. కాలేజీ ఆసుపత్రే కాబట్టి తిరుపతి గురించి చెప్పినదే దీనికీ వర్తిస్తుంది, ఫోన్ చేశాకే బయల్దేరడం కూడా. అంతుపట్టని జబ్బుకు మాత్రం ఒంగోలు వాళ్ళు ముందు చెన్నై లేదా హైదరాబాద్ డాక్టర్‌తో వీడియోలో మాట్లాడి, ఆయన అడిగిన ఎక్స్‌రే, మలం పరీక్ష, కల్చర్ ఊళ్ళోనే చేయించి పంపి, ఆ తర్వాత కూడా రమ్మంటేనే ప్రయాణం పెట్టుకోవడం మేలు. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళకు హైదరాబాద్ ఆలోచించదగిందే. అక్కడ పక్షుల్ని, సరీసృపాల్ని చూసే ప్రైవేటు డాక్టర్లు ఉన్నారు, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది.

వీడియో కాల్ ఎంతవరకు?

వేడి, తడి, తిండి తప్పుల్ని పట్టుకోవడానికి వీడియో కాల్ చాలు. ఆసుపత్రికి ఇప్పుడే పోవాలా, ఆగొచ్చా అని తేల్చుకోవడానికీ చాలు. ఊపిరితిత్తుల్లో నీరుందో లేదో, గడ్డలో ఏముందో వీడియోలో తెలియదు. ముట్టుకోకుండా, తూకం అడగకుండా యాంటీబయాటిక్ రాసిస్తే ఆ చీటీ పక్కన పెట్టేయండి.

డాక్టర్‌కు పాముల గురించి తెలుసో లేదో ఫోన్‌లోనే చాలావరకు తెలిసిపోతుంది. తెలిసినాయన మందు పేరు చెప్పడు, ఎదురు ప్రశ్నలు వేస్తాడు. జాతేమిటి, వయసెంత, గ్రాముల్లో తూకమెంత, పెట్టెలో వెచ్చటి వైపు ఎంత, చల్లటి వైపు ఎంత, చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు కుబుసం విడిచింది, ఇంట్లో కొత్త పాము ఏదైనా వచ్చిందా అని అడుగుతాడు. ఇవేవీ అడగకుండా "తీసుకురండి, సూది వేద్దాం" అంటే ఇంకొకర్ని వెతకండి.

ప్రయాణం

ఎక్కడికి పోయినా సొంత కారో, ముందే విషయం చెప్పి మాట్లాడుకున్న ట్యాక్సీనో మంచిది. బస్సులో, రైల్లో పక్కవాళ్ళు పామని తెలిసి కంగారుపడితే పాముకూ మీకూ ప్రమాదమే. పామును దిండు గలీబులో వేసి మూతి ముడివేయండి. గలీబును థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. రొయ్యల ప్యాకింగ్‌కు వాడే పెట్టెలు మన తీరంలో ఎక్కడైనా దొరుకుతాయి, వాడనిది కొత్తది తీసుకుని పక్కలకు చిన్న రంధ్రాలు చేయండి. లోపల ఒక థర్మామీటర్ వేసి 26 నుంచి 30 మధ్య ఉండేలా చూసుకోండి. చలిగా ఉంటే గోరువెచ్చటి నీళ్ళ సీసా గుడ్డలో చుట్టి ఒక మూల పెట్టొచ్చు. ఎండాకాలం తెల్లవారుజామునే బయల్దేరండి. టీకి ఆగినా సరే, ఎండలో పార్క్ చేసిన కారులో పెట్టెను వదలకండి. మే నెలలో మూసిన కారులో పాము నిమిషాల మీద చచ్చిపోతుంది.

కడుపులో ఎలుకతో ప్రయాణం చేస్తే కక్కేస్తుంది కాబట్టి, తొందర కేసు కాకపోతే తిన్న రెండు మూడు రోజుల తర్వాతే కదిలించండి. తాజా మలం దొరికితే మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి పట్టుకెళ్ళండి. తూకాల చిట్టా, పెట్టె ఫొటో, ఊపిరి చప్పుడు తీసిన వీడియో మర్చిపోకండి. పామును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఐదేళ్ళ లోపు పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ఆరోగ్యంగా ఉన్న పాము మలంలో కూడా మనుషులకు విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు.

వైద్యం మొదలయ్యాక

మందు పడుతున్నన్నాళ్ళూ వెచ్చటి వైపు వేడి డాక్టర్ చెప్పినట్టు నిలకడగా ఉండాలి. వేడి తగ్గితే మందు ఒంటికి పట్టదు. రెండు సూదులకే హుషారుగా కనపడిందని ఆపేయకండి, కోర్సు పూర్తయ్యాక మళ్ళీ ఎక్స్‌రే తీయించి చూడాలి. కక్కిన పాముకైతే రెండు వారాలు కడుపు ఖాళీగా ఉంచి, తర్వాత మామూలుగా వేసే ఎలుకలో సగం సైజుదే వేయాలి.

ఇంట్లో వేరే పాములుంటే జబ్బుదాన్ని వేరే గదిలో పెట్టండి. నీళ్ళ గిన్నె, పటకారు, గుడ్డలు అన్నీ వేరుగా ఉండాలి. ముందు ఆరోగ్యంగా ఉన్నవాటి పని చూసుకుని, చివర్లో దీని దగ్గరికి పోవాలి. ఒకవేళ పాము దక్కకపోతే, మిగతావాటి కోసమైనా పోస్ట్‌మార్టం చేయించండి. కళేబరాన్ని ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డకడితే కణాలు చితికిపోయి జబ్బు తేలదు. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి ఐసు ముక్కల మధ్య పెట్టి, ఒక రోజు లోపల తిరుపతి లేదా గన్నవరం కాలేజీలో పెథాలజీ విభాగానికి చేర్చండి. వైరస్ అని తేలితే మిగతా పాముల్ని ఎవరికీ ఇవ్వకుండా, కొత్తవి తెచ్చుకోకుండా ఆగాలి. పురుగులో, వేడి తప్పో అని తేలితే మిగతా పెట్టెల్ని ఆ రోజే సరిచేసుకోవచ్చు.